కీబోర్డు మీటల స్పర్శయు తెలుగు వ్రాతయు

మన తెలుగు సంఘముల సభలలో కంప్యూటరుపై తెలుగు వ్రాతను గూర్చి చర్చ వచ్చినప్పుడెల్ల ఫాంటులను గూర్చియు, అక్షరముల అమరికలను గూర్చియు విశేషముగా మాటలాడుదురు. అక్షరమును పుట్టించు మీట వ్రేలి క్రింద ఎట్లు దిగుచున్నది, ఎంత లోతునకు దిగుచున్నది, ఎంత బలమునకు లొంగుచున్నది యను ప్రశ్న మాత్రము అరుదుగా వచ్చును. కీబోర్డు ఏదైనను ఒక్కటే యని పలువురి తలంపు. ఆటలాడు యువకులే ఈ సంగతిని పట్టించుకొనుచున్నారు. వారు స్విచ్చీల రంగులను గూర్చి, స్ప్రింగుల బలమును గూర్చి గంటలకొలది వాదింతురు. వారి వాదములలో సత్యము లేకపోలేదు. కాని ఆటకు మేలైన మీటయే వ్రాతకును మేలైనదను మాటను, అందును తెలుగు వ్రాతకు మేలైనదను మాటను, పరీక్షింపక అంగీకరింపరాదు.

రాష్ట్రేతర తెలుగు బడులకు ఈ పరీక్ష మరింత అవసరము. బళ్ళారిలోనో, హోసూరులోనో, బరంపురములోనో, షోలాపురములోనో చదువుకొను తెలుగు పిల్లవానికి కంప్యూటరుపై తెలుగు వ్రాయు అవకాశములు స్వల్పము. వాని యెదుటనున్న మీటలపై ముద్రించియున్నవి ఇంగ్లీషు అక్షరములు. నాలుగు మాటలు వ్రాయుటకు ఆరు తప్పులు దిద్దుకొనవలసి వచ్చినచో వాడు విసుగుచెంది ఇంగ్లీషు లిపిలోనే తెలుగు మాటలను వ్రాయుటకు అలవాటుపడును. ఆ అలవాటు పడినవానిని మరల మన లిపికి త్రిప్పుట కష్టము. ఆ తప్పులలో కొన్ని పిల్లవాని అజ్ఞానమువలన కలుగునవి కావు. వాని వ్రేలి క్రిందనున్న మీటవలన కలుగునవి.

చేతివ్రాతయందు స్పర్శకుగల స్థానము మనకు కొత్తది కాదు. తాటాకుపై గంటముతో వ్రాసినవానికి ఆకు ఎదురొత్తిడి చేతికి తెలియుచుండెను. టైపు మిషను వచ్చినప్పుడు ఆ ఎదురొత్తిడి పదిరెట్లయ్యెను. 1874లో రెమింగ్టను సంస్థ షోల్సు యంత్రమును అమ్మకమునకు పెట్టినది మొదలు, టైపు మిషను మీట దిగు లోతు ఒక సెంటీమీటరునకు మించియే యుండెను. మీటను నొక్కగా ఒక కడ్డీ లేచి, సిరా రిబ్బనుమీదుగా కాగితమును కొట్టును. దెబ్బ మెత్తనైనచో అక్షరము వెలిసిపోయినట్లు పడును. గట్టిదైనచో కాగితమునకు తూటు పడును. రెండు మీటలు ఒక్కసారి దిగినచో కడ్డీలు పెనవేసికొని నిలిచిపోవును. షిఫ్టు మీటతో యంత్రములోని బరువైన భాగమే కదలవలెను. ఆ భారమును మోయవలసినది చిటికెనవ్రేలు. టైపు ఇన్‌స్టిట్యూటులలో నేర్చిన పెద్దల వ్రేళ్లు నేటికిని కంప్యూటరు కీబోర్డును అవసరమునకు మించిన బలముతో కొట్టుటకు ఇదియే కారణము.

తెలుగు టైపు మిషనులో మరియొక విశేషము కలదు. గుణింతపు గుర్తులలోను, ఒత్తులలోను కొన్నింటి మీటలను నొక్కినప్పుడు కాగితము ముందునకు జరుగదు. గుర్తు అక్షరముమీదనో క్రిందనో పడి అచటనే యుండును. వీనిని చచ్చుమీటలని టైపిస్టులు వాడుకగా పిలుచుచుండిరి. బండి జరుగు మీటకును, జరుగని మీటకును గల తేడా చేతికే తెలిసిపోవుచుండెను. కంటితో చూడకయే, అక్షరము ముగిసినదా, ఇంకను గుర్తు తగిలింపవలెనా యనునది వ్రేలు గ్రహించుచుండెను. గోద్రెజ్ సంస్థ 1955లో మన దేశమున టైపు మిషనుల తయారీని ఆరంభించి, 2009లో నిలిపివేసినది. ఆ యంత్రములతోపాటు ఆ స్పర్శజ్ఞానము గూడ పోయినది.

పాత యంత్రముల బరువును తగ్గించుటకు చేసిన ప్రయత్నములలో ఐ.బి.ఎం. వారు 1961లో తెచ్చిన సెలెక్ట్రిక్ అను విద్యుత్ టైపు మిషను ముఖ్యమైనది. అక్షరమును కొట్టు శ్రమ యంత్రమునదాయెను. వ్రేలు సూచన నిచ్చిన చాలును. అప్పుడొక చిక్కు వచ్చినది. శ్రమ పోయినప్పుడు దానివెంట తెలివిడి గూడ పోవును. మీట నిజముగా పనిచేసినదో లేదో వ్రేలికి తెలియదు. కావున ఇంజనీర్లు పోయిన తెలివిడిని కృత్రిమముగా తిరిగి పెట్టవలసివచ్చినది. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు కీబోర్డులో ప్రతి మీట క్రిందను ఒక సన్నని స్ప్రింగు ఉండెను. మీటను నొక్కుకొలది ఆ స్ప్రింగు బిగిసి, ఒక చోట హఠాత్తుగా ప్రక్కకు వంగిపోవును. ఆ వంగు క్షణముననే చప్పుడగును, వ్రేలికి మీట జారినట్లు తోచును, అక్షరమును పడును. చెవికిని, వ్రేలికిని, యంత్రమునకును ఒక్క క్షణమున ఒక్క వార్తయే అందుట ఈ ఏర్పాటులోని గొప్పతనము. ఆ కీబోర్డులను నేటికిని వెదకి కొనువారు కలరు. దానిని కేవలము పాతదానిపై మోజనరాదు.

ఇప్పుడు బజారులో దొరకునవి ప్రధానముగా మూడు తెగలు. చవుకవానిలో మీటల క్రింద రబ్బరు బుడిపెలు గల పొర యొకటి పరచియుండును. నొక్కగా బుడిపె కుంగి, అడుగున రెండు పొరలు తాకి అక్షరము పడును. వీనిలో మీట దాదాపుగా అడుగును తాకువరకు అక్షరము పడునను నిశ్చయము లేదు. కొత్తలో బాగుగనే యుండునుగాని, ఏండ్లు గడచినకొలది ఎక్కువగా వాడిన మీటల రబ్బరు మెత్తబడి, తక్కినవి గట్టిగనే యుండిపోవును. అనగా ఒకే కీబోర్డుపై పది విధముల స్పర్శ యేర్పడును. బడులలో కనవచ్చు కీబోర్డులు చాలవరకు ఈ తెగవే.

రెండవది ల్యాప్‌టాప్‌లలోని పలుచని మీటల తెగ. కత్తెరవలె కూర్చిన రెండు ప్లాస్టికు ముక్కలు మీటను సమముగా దింపును. లోతు ఒకటి మొదలు రెండు మిల్లీమీటర్లు. ఈ లోతును ఇంకను తగ్గించినచో నేమగునో ఆపిల్ సంస్థ అనుభవము చెప్పుచున్నది. 2015లో ఆ సంస్థ సీతాకోకచిలుక పేరుతో లోతు దాదాపు అర మిల్లీమీటరు మాత్రమే గల మీటలను తెచ్చెను. కంటికి అందమైనవే, కాని సన్నని దుమ్ము చేరినచో మీట పనిచేయకపోవుటయో, ఒక్క నొక్కునకు రెండక్షరములు పడుటయో జరుగుచున్నదని ఫిర్యాదులు వచ్చెను. 2018లో ఉచితముగా బాగుచేయు పథకమును ప్రకటించి, 2019 చివర వచ్చిన కంప్యూటరునుండి మరల ఒక మిల్లీమీటరు లోతుగల కత్తెర మీటలకే ఆ సంస్థ మరలినది. వ్రేలికి కావలసిన లోతును అందముకొరకు తీసివేయరాదని ఇంతకంటె ఖరీదైన పాఠము మరియొకటి లేదు.

మూడవ తెగ మెకానికల్ అని పిలువబడునది. ప్రతి మీటకును ప్రత్యేకముగా ఒక స్విచ్చి, అందులో లోహపు స్ప్రింగు ఉండును. 1980ల దశకమున జర్మనీలోని చెర్రీ సంస్థ రూపొందించిన ఎం.ఎక్స్. అను స్విచ్చియే నేటికిని ఈ తెగకు కొలబద్ద. దానిపై ఆ సంస్థకుగల హక్కులు తీరినపిమ్మట చైనా సంస్థలు అదే కొలతలతో స్విచ్చీలను చవుకగా చేయుచున్నవి. కావున ఈ కీబోర్డులు మధ్యతరగతి కుటుంబములకు అందుబాటులోనికి వచ్చినవి. సామాన్యముగా వీని పూర్తి లోతు 4 మిల్లీమీటర్లు. అక్షరము పడునది దాదాపు 2 మిల్లీమీటర్లవద్ద, అనగా సగము దారిలో. రబ్బరు తెగకును దీనికిని గల ముఖ్యభేద మిదియే. మీట అడుగును తాకకముందే అక్షరము పడును. మిగిలిన సగము వ్రేలు మెల్లగా ఆగుటకు పనికివచ్చును.

స్పర్శనుబట్టి ఇవి మరల మూడు విధములు. ఎరుపు, నలుపు రంగుల స్విచ్చీలలో మీట మొదటినుండి చివరవరకు నున్నగా దిగును. నడుమ ఏ గుర్తును లేదు. ఎరుపు దానికి 45 సెంటీన్యూటన్ల బలము, నలుపు దానికి 60 కావలెను. గోధుమ రంగు దానిలో నడిదారిలో చిన్న మెట్టు తగులును. అచట 55 వరకు బలము పట్టి, దాటగానే తేలికయగును. నీలము దానిలో 60 వద్ద మెట్టును, దానితోపాటు టిక్కుమను చప్పుడును ఉండును. సెంటీన్యూటను అనునది ఇంచుమించు ఒక గ్రాము బరువు. ఇంటిలోనే దీనిని కొలిచి చూచుకొనవచ్చును. 2011లో వచ్చిన పసుపువన్నె అయిదు రూపాయల నాణెము 6 గ్రాముల బరువు. పై వరుస మూలనున్న మీటపై అట్టి నాణెములను ఒకదానిపై నొకటి మెల్లగా పేర్చవలెను. ఎనిమిది నాణెములకు అక్షరము పడినచో మీట 48 గ్రాములది. పదింటికి పడినచో 60 గ్రాములది. పిల్లలచేత ఈ ప్రయోగము చేయించినచో భౌతికశాస్త్ర పాఠము గూడ కలిసివచ్చును.

కార్యాలయ కీబోర్డులనుగూర్చి 1998లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణము, ఐ.ఎస్.ఓ. 9241 నాలుగవ భాగము, మీట లోతు 2 మొదలు 4 మిల్లీమీటర్లును, బలము 50 మొదలు 80 సెంటీన్యూటన్లును ఉండుట మేలని చెప్పినది. అంతకు ఎక్కువ తక్కువలను గూడ అంగీకరించినదిగాని, మేలైనవి యివియే. ఆటల కీబోర్డులవారు గొప్పగా చెప్పుకొను తేలికదనము ఈ మేలైన హద్దునకు దిగువనున్నదను సంగతి గమనింపదగినది.

ఇక తెలుగునకు వత్తము. కంప్యూటరుపై తెలుగునకు పలు అమరికలు కలవు. డి.టి.పి. పనివారు ఆపిల్, మాడ్యులర్ మున్నగు అమరికలను వాడుదురు. ఫోనులలో ఇంగ్లీషు అక్షరములనుండి తెలుగునకు మార్చు పద్ధతి ప్రబలినది. ప్రభుత్వ ప్రమాణమైనది ఇన్‌స్క్రిప్టు. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్సు శాఖవారు దీనికి రూపమియ్యగా, 1991లో ఐ.ఎస్. 13194 అను భారత ప్రమాణమునందు చేర్చబడినది. దీని సొగసు ఏమనగా, భారతీయ లిపులన్నిటిలోను ఒక ధ్వనికి ఒకే మీట. దేవనాగరిలో ‘క’ ఉన్న మీటయందే తెలుగు ‘క’యు, ఒడియా ‘క’యు ఉన్నవి. షోలాపురపు బాలిక మరాఠీని ఈ పద్ధతిన నేర్చినచో ఆమె వ్రేళ్లకు తెలుగు సగము వచ్చినట్లే. బరంపురపు బాలునకు ఒడియాతోను అంతే. తమిళనాడు ప్రభుత్వము 1999లో తమిళ్99 అను వేరు అమరికను, కర్ణాటక ప్రభుత్వము కె.పి. రావుగారి అమరికను ప్రమాణముగా గైకొన్నవి; కావున హోసూరు, బళ్ళారి పిల్లలకు ఈ సదుపాయము అంతగా లేదు. అచట తెలుగునకై వ్రేళ్లకు వేరుగా శిక్షణ నీయవలసినదే.

ఇన్‌స్క్రిప్టులో గుణింతపు గుర్తులు ఎడమచేతికిని, హల్లులు చాలవరకు కుడిచేతికిని వచ్చును. మ, న, వ మాత్రము క్రింది వరుసలో ఎడమచేతివైపు చేరినవి. కొమ్ములు, గుడులు, దీర్ఘములు పడుచుండగా రెండు చేతులును ఒకదాని తరువాత ఒకటి పనిచేయును. రెండు హల్లులను కలుపు పొల్లు, ఇంగ్లీషు డి మీటపై ఎడమ నడిమివ్రేలి క్రిందనే యున్నది. చూడకయే వ్రేళ్లు స్థానమును కనుగొనుటకై ప్రతి కీబోర్డుపైనను ఎఫ్, జె మీటలపై చిన్న గీతలు ఉబ్బెత్తుగా నుండును. తెలుగులో ఆ రెండును గుడియు, రకారమును అగుచున్నవి.

తెలుగు వ్రాతకు దెబ్బలు మిక్కిలి ఎక్కువయను అపవాదు కలదు. లెక్కించి చూచినచో అది పూర్తిగా నిజము కాదు. ‘నగరము’ అను మాటకు ఇన్‌స్క్రిప్టులో అయిదు దెబ్బలు. ఇంగ్లీషు లిపిలో వ్రాసినచో ఎనిమిది. ‘కలము’నకు నాలుగు, అందు ఆరు. హల్లులోని అకారము మనకు ఉచితముగా లభించుటయే దీనికి కారణము. ‘తెలుగు’, ‘పిల్లలు’ అను మాటలకు రెండింటను సమానము. ‘రాష్ట్రము’ వంటి సంయుక్తాక్షరపు మాట వచ్చినప్పుడే లెక్క తిరుగబడును. ర, దీర్ఘము, షిఫ్టుతో ష, పొల్లు, ట, పొల్లు, ర, మ, కొమ్ము: షిఫ్టును గూడ చేర్చి పది దెబ్బలు. ఇంగ్లీషు లిపిలో తొమ్మిది. టైపు పరీక్షలలో అయిదు దెబ్బల నొక మాటగా లెక్కించు పద్ధతి ననుసరించిన ఈ ఒక్క మాట రెండు మాటలగును.

కావున చిక్కు దెబ్బల సంఖ్యలో లేదు. ఒక్కొక్క దెబ్బ మోయు భారములో నున్నది. ఇంగ్లీషులో ఒక అక్షరము తప్పినచో మాట గాయపడునుగాని చాలవరకు గుర్తింపవచ్చును. తెలుగులో పొల్లు మీట దిగియు అక్షరము పడకపోయినచో ‘అక్క’ ‘అకక’ యగును, ‘పిల్లలు’ ‘పిలలలు’ అగును. దీర్ఘము తప్పినచో ‘పాలు’ ‘పలు’ అగును. కొమ్ము తప్పినచో ‘గుడి’ ‘గడి’ యగును. ఈ చివరి రెండును మంచి మాటలే యగుటచేత దోషములను చూపు సాఫ్టువేరు గూడ వానిని పట్టలేదు. మీట ఒక్క నొక్కునకు రెండుసార్లు పలికినచో ‘తెలుగు’ ‘తెలలుగు’ అగును. గుణింతపు గుర్తే రెండుసార్లు పడినచో తెరపై చుక్కల వలయమొకటి ప్రత్యక్షమగును. దానిని చూచి పిల్లలు కంప్యూటరు చెడిపోయినదనుకొందురు.

షిఫ్టు సంగతి ఇంకను సున్నితమైనది. ఇన్‌స్క్రిప్టులో ఒత్తక్షరములు, అచ్చులు షిఫ్టుతోనే పడును. షిఫ్టు అందకపోయినచో ‘కథ’ ‘కత’ యగును. ‘భాష’ అను మూడు గుర్తుల మాటలో రెండుచోట్ల షిఫ్టు కావలెను. రెండును తప్పినచో తెరపై పడునది ‘బా’యు దాని ప్రక్కన ఒక కామాయు. ఏలయన ‘ష’ కామా మీటపై నున్నది. షిఫ్టు విడుచుట ఆలస్యమైనచో కలుగు దోషము వేరు: ‘భారత’ అని కొట్టగా దీర్ఘమునకు బదులు ఆ మీటపైనున్న అచ్చు పడి ‘భఆరత’ యగును. బలహీనమైన చిటికెనవ్రేలు ఈ మీటను సరియైన క్షణమున దింపి, సరియైన క్షణమున విడువవలెను. మెత్తబడిన రబ్బరు మీట మెల్లగా పైకి లేచును. మిక్కిలి బరువైన మీటకు పిల్లల వ్రేలు చాలదు. మిక్కిలి తేలికైన మీట వ్రేలు ఊరక ఆనియున్నను దిగును. మూడింటను నష్టమే.

ఇచట స్పర్శయొక్క పని స్పష్టమగును. నడిదారిలో మెట్టుగల మీట, అక్షరము పడినది అను వార్తను వ్రేలికి తక్షణమే అందించును. కన్ను తెరపైకి పోయి, ఒత్తు వచ్చినదా యని చూచి, మరల మీటలపైకి రావలసిన పనిలేదు. నున్నని మీటలో ఆ వార్త అడుగు తాకినపుడుగాని అందదు. కావున వ్రేలు ప్రతిసారియు అడుగుదాక కొట్టుటకు అలవాటుపడును. గాజుతెర ఫోనులో లోతు సున్న, స్పర్శవార్తయు సున్న. కన్నే సమస్తమును చూడవలెను. ఫోనుపై తెలుగు వ్రాయువారు మాటల సూచనలపై ఆధారపడి, ఒక మాటకు బదులు మరియొక మాటను పంపి నవ్వులపాలగుట మన మందరము చూచుచున్నదే.

ఆటల విషయము వేరు. అచట ప్రశ్న అక్షరము సరియైనదా యని కాదు. ఎంత త్వరగా అందినది, ఎంత త్వరగా విడిచినది యని. వ్రేలు సెకనుకు 20 సెంటీమీటర్ల వేగముతో దిగుననుకొందము. అక్షరము 2 మిల్లీమీటర్లవద్ద పడు మీటకు పట్టు కాలము సెకనులో వెయ్యింట పది వంతులు. చెర్రీవారి వెండిరంగు స్విచ్చిలో అది 1.2 మిల్లీమీటర్లవద్దనే పడును. వెయ్యింట ఆరు వంతులు చాలును. లాభము నాలుగు వంతులు. కంటితో చూచి వ్రేలితో స్పందించుటకు మానవునకు వెయ్యింట రెండువందల వంతులు పట్టుచుండగా ఇది లెక్కలోనిది కాదని తోచును. కాని ఇద్దరు సమర్థులు ఎదురెదురుగా నున్నప్పుడు ఆ కొద్దిపాటియే గెలుపోటములను తేల్చవచ్చును. నిమిషమునకు నలుబది మాటలు వ్రాయువానికో, దెబ్బకును దెబ్బకును నడుమ వెయ్యింట మూడువందల వంతుల వ్యవధి యుండును. వానికి ఆ నాలుగు వంతుల లాభము శూన్యము.

ఆటలలో దిగుటకంటె లేచుట ముఖ్యము. కౌంటర్-స్ట్రైక్ వంటి ఆటలో పరుగెత్తుచు కాల్చినచో గురి తప్పును. క్షణములో ఆగి కాల్చవలెను. ఆగుటకు ఎడమవైపు మీటను విడిచి, కుడివైపు మీటను తటాలున తాకవలెను. సామాన్యమైన స్విచ్చిలో మీట ఒక నిర్ణీతస్థానమును దాటి పైకి లేచినపుడే విడిచినట్లు లెక్క. ఈ ఆలస్యమును తీసివేయుటకు అయస్కాంతపు స్విచ్చీలు వచ్చినవి. 1879లో ఎడ్విన్ హాల్ అను శాస్త్రజ్ఞుడు కనుగొన్న ధర్మమును ఆధారము చేసికొని, మీటలోని అయస్కాంతము ఎంత దూరమున నున్నదో ఇవి నిరంతరము కొలుచుచుండును. నెదర్లాండ్సుకు చెందిన వూటింగ్ సంస్థ కీబోర్డులతో ఈ పద్ధతి ఆటగాండ్రలో ప్రసిద్ధమయ్యెను. మీట మిల్లీమీటరులో పదవ వంతు లేచిన చాలును, విడిచినట్లే. మరల అంత దిగిన చాలును, నొక్కినట్లే. 2024లో రేజర్ సంస్థ, రెండు ఎదురుమీటలను ఒక్కసారి పట్టియున్నను చివర నొక్కినదానినే లెక్కించు ఏర్పాటును తెచ్చెను. ఇది నేర్పును యంత్రమునకు అప్పగించుట యని వాల్వ్ సంస్థ ఆ సంవత్సరము ఆగస్టులో తన కౌంటర్-స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో అట్టి ఏర్పాటులను నిషేధించినది. లోతును సవరించుకొనుటను మాత్రము నిషేధింపలేదు.

ఇట్టి కీబోర్డును ఆటకు దిద్దిన స్థితియందే తెలుగు వ్రాతకు వాడినచో నేమగును? వ్రేలి సహజమైన వణకును గూడ అది నొక్కుగా గ్రహించును. ‘తెలలుగు’ అను దోషము ఇచట మీట పాతబడుటవలన గాక, మీట అతిచురుకుదనమువలన కలుగును. అయినను ఈ తెగను పిల్లల చేతినుండి లాగివేయవలసిన అవసరము లేదు. అక్షరము పడు లోతును సాఫ్టువేరులో మార్చుకొనవచ్చును. ఆటకు అర మిల్లీమీటరుగాను, వ్రాతకు 2 మిల్లీమీటర్లుగాను రెండు దిద్దుబాట్లను ఉంచుకొని, అప్పటికి తగినదానిని పెట్టుకొనవచ్చును. ఎంత దిద్దినను మెట్టు మాత్రము రాదు. ఇవి చాలవరకు నున్నని తెగవే.

ఇంటిలో ఒకే కంప్యూటరుపై అన్న ఆటలాడుచు, చెల్లెలు తెలుగు వ్యాసము వ్రాయుచున్నచో, స్విచ్చీలను సోల్డరింగు లేకయే ఊడదీసి మార్చుకొను కీబోర్డును కొనుట ఉచితము. ఆటలకు ముఖ్యమైనవి ఎడమచేతి నాలుగైదు మీటలే. అందు పొల్లు మీటయు నున్నది గనుక ఈ రాజీ పూర్తిగా తృప్తికరము కాదు. అయినను తక్కిన మీటలన్నిటికిని మెట్టుగల స్విచ్చీలను పెట్టుకొనవచ్చును.

బడికి కొనునప్పుడు ఆలోచన ఇంకొక విధముగా నుండవలెను. నీలము స్విచ్చీల చప్పుడు ఒక్కరికి ఇంపుగనే యుండునుగాని, ఇరువదిమంది పిల్లలు ఒక గదిలో కొట్టునప్పుడు ఉపాధ్యాయుని మాట వినబడదు. గోధుమరంగు తెగ, అనగా మెట్టుండి చప్పుడు తక్కువగానున్నది, 45 మొదలు 60 గ్రాముల నడుమ బలము గలది, పదియేండ్లు దాటిన పిల్లలకు సరిపడును. అన్ని యంత్రములకును అట్టివి కొనుటకు ధనము చాలనప్పుడు, తెలుగు వ్రాత నేర్పు రెండు మూడు యంత్రములకైనను కొని, ప్రతి పిల్లవానిని మొదట వానిపైననే అభ్యసింపజేయుట మేలు. వ్రేలికి అలవాటైనపిమ్మట రబ్బరు కీబోర్డుపైనను వాడు కొంతవరకు నెగ్గుకొనిరాగలడు. మొదట రబ్బరుపై అడుగుదాక బాదుట అలవాటైనవానికి ఆ బాదుడు ఏ కీబోర్డుపైనను పోదు.

ఉన్న రబ్బరు కీబోర్డులనే వాడుకొనక తప్పని బడులు సంవత్సరారంభమున వానిని ఒకసారి పరీక్షించుకొనవచ్చును. ‘అక్క, పిల్లలు, రాష్ట్రము, భాష, భారత, గుడి’ అను ఆరు మాటలను నిదానముగా పదిసార్లు కొట్టి చూచినచో పొల్లు, షిఫ్టు, గుడి, కొమ్ము, దీర్ఘము మీటల బాగోగులు తెలిసిపోవును. ఆ మీటలలో ఏది తడబడినను ఆ కీబోర్డును ఇంగ్లీషు పాఠమునకు పంపి, మంచిదానిని తెలుగునకు ఉంచుకొనవలెను. సాధారణముగా జరుగుచున్నది దీనికి విరుద్ధము.

మీటలపై తెలుగు అక్షరముల బిళ్లలను అంటించు వాడుక పలుచోట్ల కలదు. అది ఆరంభదశకు మంచిదే. కాని దళసరి బిళ్ల మీట అంచును దాటినచో ప్రక్కమీటకు తగిలి, మీట నిలిచిపోవును. ఎఫ్, జె మీటలపైనున్న ఉబ్బెత్తు గీతలను బిళ్ల కప్పివేసినచో, చూడకయే స్థానమును కనుగొనుటకు వ్రేలికున్న ఏకైక ఆధారము పోవును. కావున గుడి, రకారముల బిళ్లలను ఆ గీతకు పైభాగమున, గీత బయటికి కనబడునట్లు కత్తిరించి అంటింపవలెను.